కాచిన నాచునీళ్ళు

తిమ్మక్క కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి మీ ఇద్దరి వల్ల. సంఘం ఆఫీసులో కూర్చుని కాగితాన్ని ఫైలులో గుచ్చి చేతులు దులుపుకున్న సెక్రటరీ వల్ల. ఆదోని కాలేజీలో వందమందికి పాఠం చెప్పి, పొయ్యి దగ్గర కూర్చున్న ఒక్క ఆడమనిషికి మూడు మాటలు చెప్పలేకపోయిన లెక్చరరు వల్ల. నాచురసం డబ్బాను బస్సులో ఒడిలో పెట్టుకుని మోసుకొచ్చి, దాని మీద ఏం రాసుందని అడగని నా వల్ల కూడా. ముగ్గురి సంగతీ రాస్తున్నాను. తప్పించుకోవడానికి ఎవరికీ సందు లేదు, నాతో సహా.

ఇది ఈ ఏడు, ఎనభై ఒకటి, వానాకాలం మాట. ఎమ్మిగనూరు చివర మా పేటలో నలభై మగ్గాల చిన్న సంఘం ఒకటుంది. ఊళ్ళో అందరికీ తెలిసిన పెద్ద సంఘం వేరు, ఇది వేరు. తిమ్మక్క అందులో అచ్చు అతికే మనిషి. మగ్గం మీద పాత పడుగు అయిపోయే చోటికి కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి ఒక్క మెలి తిప్పాలి. ముడి కనబడకూడదు, లాగితే తెగకూడదు. ఒక పడుగులో రెండు వేల పైచిలుకు పోగులు. పొద్దున కూర్చుంటే మాపటికి గాని లేవదు. ఆమె మొగుడు భీమన్నకు దగ్గు. మగ్గం గుంతలో గంట కూర్చుంటే రెండు గంటలు పడుకోవాలి. ఆ ఇంట్లో పొయ్యి రాజేసేది తిమ్మక్క రెండు వేళ్ళే.

అతకడం లేని రోజుల్లో ఆమె గంజి పనికి పోయేది. పడుగును వీధి పొడవునా సాగదీసి, చేతులతో గంజి పూసి, కుంచెతో దువ్వాలి. మా పేటలో జొన్నగంజి వాడతారు. వానాకాలం అది రెండో రోజుకే పులుస్తుంది. పారబోయరు. పారబోసేటన్ని జొన్నలు ఎవరింట్లో ఉన్నాయి? పులిసిన గంజిలో పగలంతా నానిన చేతులు గోళ్ళ పక్కన చీలతాయి, చీము పడతాయి. పేటలో ఏ ఆడమనిషి గంజి పని చేస్తుందో మొహం చూడకుండా చెప్పొచ్చు, చేతులు చూస్తే చాలు. ఇదంతా మాకు మామూలు. మామూలు అనుకోవడమే మా మొదటి జబ్బు.

సేతుమాధవరావు ఆదోనిలో ఒక కాలేజీలో చెట్ల శాస్త్రం చెబుతాడు. సముద్రం ఎట్లుంటుందో తెలియని జిల్లా మనది. ఆయన మాత్రం ప్రతి ఎండాకాలం సెలవులకు రామనాథపురం తీరానికి పోయి, మోకాటి లోతు నీళ్ళలో దిగి, రాళ్ళకు పట్టిన నాచు పీకి, నీడన ఆరబెట్టి, గోనెసంచుల్లో కుక్కి రైల్లో తెస్తాడు. పెట్టెలో పక్కవాళ్ళు చేపల కంపని తిడతారట. మడి కట్టుకునే ఇల్లు. వాళ్ళమ్మ ఆ సంచుల్ని గడప దాటనీయదు. అవి పశువుల కొట్టంలో ఉంటాయి. అంత తిట్టు తిని ఏం వెతుకుతాడంటే, చీము పట్టించే క్రిముల్ని ఆపే గుణం ఏ నాచులో ఉందని.

ఆయన పంచె కొనడానికి మా సంఘం అంగడికి వచ్చిన పొద్దు తిమ్మక్క అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏమమ్మా, ఆ వేళ్ళకేమైంది?" అన్నాడు.

"గంజి కొరికింది సామీ."

"గంజి కొరుకుతుందా?"

"రెండు దినాలైతే దానికీ పండ్లొస్తాయి. నువ్వోసారి సెయ్యి పెట్టి సూడు."

ఆయన నవ్వలేదు. సంచిలోంచి గాజు గొట్టం తీసి, దూదితో ఆమె గోటి పక్క చీము అద్దుకుని, మూత పెట్టుకుని పోయాడు. పంచె కొనడం మరిచిపోయాడు.

పది రోజులకు కబురు పంపితే నేనూ తిమ్మక్కా బస్సెక్కి ఆదోని పోయాం. ఆయన గదిలో బల్ల నిండా మూతలున్న గాజు పళ్ళాలు. ఒక్కోదాంట్లో గడ్డకట్టిన జెల్లీ.

"ఈ జెల్లీ కూడా ఒక రకం సముద్రపు నాచు నుంచి వచ్చేదే అమ్మా. దీని మీద నీ చీములో ఉండే క్రిముల్ని పెంచినాను."

"నా సీముతో నీ గిన్నెలో సేద్యం సేసినావా సామీ? మరి గుత్త నాకే గదా రావాల్సింది."

జెల్లీ అంతా మసకగా, పెరుగు మీగడ కట్టినట్టుంది. నాచు రసంలో ముంచిన కాగితం బిళ్ళను నడుమ పెట్టాడు. ఆ బిళ్ళ చుట్టూ మాత్రం రూపాయి అంత మేర తేటగా ఉంది. ఏమీ పెరగలేదు. పక్క పళ్ళెంలో మామూలు నీళ్ళలో ముంచిన బిళ్ళ చుట్టూ అంతా మసకే.

"సముద్రంలో రాయికి పాచి పడుతుంది, పడవకు పడుతుంది, తాడుకు పడుతుంది. కొన్ని రకాల నాచుకు మాత్రం ఏదీ అంటదు. దాని ఒంటిని కాపాడుకునే రసం అదే తయారు చేసుకుంటుంది. ఆ రసంలో ఉండేది ఏందో నాకింకా పూర్తిగా తెలీదు. వెతుకుతాన్నాను."

తిమ్మక్క చాలాసేపు పళ్ళెం మీదికి వంగి చూసింది. "సంద్రం పాచికుండే తెలివి మా గంజికి లేకపాయె" అంది.

గది మూలలో ఒక పెద్ద సీసాలో నాచు స్పిరిట్టులో నానుతూ ఉంది. పక్కన వెడల్పాటి పింగాణీ పళ్ళెంలో వడగట్టిన రసం పోసి, పైన ఫ్యాను తిప్పి పెట్టాడు. స్పిరిట్టు అంతా గాలికి ఎగిరిపోతే అడుగున నల్లటి జిగురు మిగులుతుందట. దానికి మూడు రోజులు పడుతుందన్నాడు. పొయ్యి మీద పెడితే గంటలో అయ్యే పనికి మూడు రోజులు ఎందుకని నాకు తోచింది. తోచిందే గాని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగుంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మరుసటి ఆదివారం ఆయనే ఆ జిగురును నీళ్ళలో కలిపి సీసాలో తెచ్చాడు. పేట మొత్తానికి గంజి కాచేది రామమ్మ. ఆమె గంజి దించితే ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. మాటిమాటికీ వేలు పెట్టి చూసి, పూర్తిగా చల్లారిన తర్వాత సీసా వంచాడు. రామమ్మ మొహం నల్లబడింది. మాకు ఒక ఆచారం ఉంది: పడుగుకు పెట్టే గంజిలో పచ్చి చుక్క పడకూడదు. ఉప్పైనా నూనైనా నీళ్ళైనా, కుండలో పడింది ఏదైనా సరే మూడు పొంగులు పొంగాల్సిందే. పచ్చిగంజి తాగిన పడుగు మీద నేసిన బట్ట ఆ ఇంట్లో మొదటి చావుకు కప్పాల్సి వస్తుందని పెద్దవాళ్ళ మాట. కానీ చదువుకున్న సామి తన చేత్తో పోస్తుంటే వద్దనడం ఎట్లా? ఆయన పోయిన తర్వాత రామమ్మ కుండకు దిష్టి తీసింది.

భీమన్న మాత్రం సీసా వాసన చూసి, "సారాయి మాదిరుందే" అన్నాడు. "పాచికి పోసింది మాకు పోసింటే మేమే ఆ క్రిముల్ని తరిమి కొట్టేటోళ్ళం గదా సామీ."

"తరిమేది తర్వాత, ముందు నువ్వు గుంతలో రెండు గంటలు కూర్చో సూద్దాం" అంది తిమ్మక్క.

ఆ గంజి నాలుగో రోజుకు కూడా పులవలేదు. రెండు వారాలు అట్లే సాగింది. అన్ని విడతలూ ఆయనే వచ్చి పోశాడు. గంజి పని చేసే పదకొండు మంది ఆడవాళ్ళలో తొమ్మిది మందికి గోళ్ళ పక్క పుండ్లు ఎండాయి. తిమ్మక్క వేళ్ళు నున్నగా అయ్యాయి. కొత్త గాజులు తొడుక్కున్నదాని మాదిరి ఇంటింటికీ చేతులు చూపించుకుంటూ తిరిగింది. ముప్పై ఏళ్ళుగా లేని సుఖం ఆమె మొహంలో ఆ రెండు వారాలు చూశాను. అంతే, రెండు వారాలు.

అప్పుడు సెక్రటరీ దేవేంద్రప్ప రంగంలోకి దిగాడు.

"ఇట్లాంటివి ఊరికే చేసేవి కాదప్పా. సంఘం పేరు మీద ప్రయోగం అని పైకి రాయాల. రికార్డుండాల. రేపు పేపర్లో పడితే ఎవరి పేరు పడాల?"

లెక్చరరుకు ఉత్తరం రాశాడు. ఆయనకు పరీక్షల పని తగిలింది, రాలేకపోయాడు. పెద్ద డబ్బా నిండా రసం తయారు చేసి, సెక్రటరీకి ఒక కాగితం రాసి, నన్ను ఆదోనికి పిలిపించి రెండూ నా చేతికిచ్చాడు. కాగితమూ ఇంగ్లీషే, డబ్బా మీద ఎర్రసిరాతో రాసిన మూడు వరుసలూ ఇంగ్లీషే. నాది గోడల మీద పోస్టర్లు చదివి నేర్చిన చదువు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను, మాటలు పట్టుబడవు. ఎర్రసిరా చూసి మందు పేరనుకున్నాను. అడిగితే ఆయన ముందర చిన్నబోతానని అడగలేదు. నేతగాళ్ళ మీటింగుల్లో వెయ్యిమంది ముందర మైకు పట్టుకుని అరిచే నాకు, ఒక్క లెక్చరరు ముందర "ఇదేంది సార్" అనడానికి సిగ్గేసింది.

దేవేంద్రప్ప కాగితం చదివాడు. చదివినట్టు తల ఊపాడు. ఫైలులో గుచ్చాడు. డబ్బా రామమ్మకు ఇచ్చి రమ్మన్నాడు. ఇచ్చాను.

"సామి ఏమన్నా సెప్పినాడాప్పా?" అని ఆమె అడిగింది. నిజంగా అడిగింది, ఆమె అడిగింది.

"సెప్పేదేముంది. ముందర పోసినట్లే పొయ్యి" అన్నాను.

ఈసారి సామి లేడు. కుండ ఆమెది, పొయ్యి ఆమెది, పాపం వస్తే ఆమెకే. రామమ్మ తన పద్ధతి ప్రకారం చేసింది. డబ్బాడు రసమూ పొయ్యి మీది కుండలో పోసి, మూడు పొంగులు పొంగించింది. మూడో పొంగుకు పేటంతా ఎండుచేపల కంపు కమ్ముకుంది. గాలిలోకి పోతున్నది ఏందో మాకు తెలియదు. నాచులో ఏ గుణం కోసం ఆయన మూడు రోజులు ఫ్యాను తిప్పాడో అది ఆ పొగలో పడి ఇండ్ల కప్పుల మీదుగా పోతోంది. మేము ముక్కులు మూసుకుని నవ్వుకుంటున్నాం.

"రామమ్మా, పొయ్యి మీద చేపలెక్కించినావా, సంద్రాన్నే ఎక్కించినావా?" అని భీమన్న కేకేశాడు.

"నువ్వు గమ్మునుండప్పా. మందు బాగా ఉడకాల గదా."

రెండో రోజుకే గంజి పులిసింది. దేవేంద్రప్ప వచ్చి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుండలోకి తొంగిచూసి, ఆఫీసుకు పోయి 'నిరుపయోగం, ప్రయోగం ముగించడమైనది' అని రాశాడు. ఆ మాట ఫైలుకు చెప్పాడు. లెక్చరరుకు చెప్పలేదు. గంజిలో చేతులు పెట్టే పదకొండు మందిలో ఒక్కరికీ చెప్పలేదు. వాళ్ళేమనుకున్నారు? వానలెక్కువ, అందుకే పులిసింది, మందు మాత్రం లోపల ఉంది గదా అనుకున్నారు.

ఆ వారమే తిమ్మక్క బొటనవేలి గోటి కింద, పోగులు దూరే అచ్చులోని వెదురు పేడు గుచ్చుకుంది. చిన్నది. తీసి పారేసి పనిలో కూర్చుంది. రెండో రోజుకు వేలు ఉబ్బింది. ఆమె పోయి గంజికుండలో ముంచుకుని వచ్చింది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. చూపుడువేలికి కూడా పాకింది.

"తిమ్మక్కా, ఆసుపత్రికి పోదాం పా" అన్నాను.

"యాల? సంద్రం మందు ఇంటి ముందర పెట్టుకుని యాడికో పోతారా? ముందర మానలేదా నాకు?"

"ఈసారి వాపు శానా ఉంది."

"మందు పట్టేటప్పుడు వాస్తాదిలే. నువ్వు మీటింగులో అరిసినప్పుడు నీ గొంతు వాయదా? ఎవరన్నా ఆసుపత్రికి ఎత్తుకపోయినారా నిన్ను?"

నవ్వి వచ్చేశాను. ఆ నవ్వుకు నన్ను నేను క్షమించుకోను.

అయిదో రోజు చలిజ్వరం. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి గీత, చంకలో గడ్డ. బస్సులో కూర్చోలేకపోతే నా తొడ మీద తల పెట్టి పడుకోబెట్టి ఆదోని తీసుకుపోయాను. అక్కడి డాక్టరు చూసి, ఒక సూదివేసి, ఆలస్యం చేయకుండా కర్నూలు పొమ్మన్నాడు. కర్నూలులో రెండు వేళ్ళూ మొదలంటా తీసేశారు. చేయి మిగిలిందే గొప్ప అన్నారు. "మూడు రోజులు ముందు తెచ్చుంటే చిన్న కోత, సూదులు. అంతే" అన్నాడు అక్కడి డాక్టరు. కోపంగా కూడా అనలేదు. రోజూ అనే మాట అది ఆయనకు.

ఆమె ఇంటికి వచ్చిన వారానికి సంగతి తెలిసి సేతుమాధవరావు పరుగెత్తుకుని వచ్చాడు. సంఘం ఆఫీసు అరుగు మీద అందరం ఉన్నాం. తిమ్మక్క కట్టు చేయి ఒళ్ళో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని ఉంది.

"గంజిలో ఎప్పుడు కలిపినారు? చల్లారినాకే గదా?" అని ఆయన అడిగాడు.

"మూడు పొంగులూ పొంగించినా సామీ" అంది రామమ్మ. తప్పు చేసినదానిలా చెప్పలేదు. పని సరిగ్గా చేసినదానిలా చెప్పింది.

"కాచినారా?"

"కాయకుండా ఎట్ల పోస్తాం? పడుగు గదా."

"కాస్తే అందులో ఉండేది పోతుందమ్మా. ఆవిరితో పోతుంది. మిగిలేది ఉత్త బురద" అన్నాడు సేతుమాధవరావు. తర్వాత సెక్రటరీని ఫైలు తెమ్మన్నాడు. దేవేంద్రప్ప నసిగి నసిగి తెచ్చాడు. కాగితం అందులోనే ఉంది, గుచ్చింది గుచ్చినట్టే. ఆయన దాన్ని మొదటిసారి తెలుగులో చదివాడు. వేడి చేయకూడదు. గంజి చల్లారిన తర్వాతే కలపాలి. ఇది మందు కాదు, గాయాలకు వాడకూడదు.

మూడు మాటలు. ఎర్రసిరాతో డబ్బా మీద ఉన్నవీ అవే.

"నేను రాసినాను గదా" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"ఎవరికి రాసినావు సామీ?" అంది తిమ్మక్క.

ఆయన కాగితాన్ని మళ్ళీ ఫైలులోనే పెట్టాడు.

"ఆ మూడు ముక్కలు నా పొయ్యి కాడ సెప్పింటే..." అని రామమ్మ మొదలుపెట్టి ఆగింది. "సెప్పినా కాసేదాన్నేమో. అబద్ధం యాల ఆడాల. పడుగు గదా, బయమైతాది. కానీ సెప్పాల్సింది. కాస్తే మందు సచ్చిపోతాదని సెప్పింటే తిమ్మక్క దాంట్లో వేలు పెట్టేది గాదు గదా."

దేవేంద్రప్ప ఫైలు మూశాడు. "అయ్యిందేదో అయ్యింది. ఫలితం రాసినాము, పైకి పంపినాము. వేళ్ళ సంగతికీ సంఘానికీ సంబంధం లేదు" అన్నాడు.

ఇది జరిగి నెల దాటింది. తిమ్మక్క ఎడమచేత్తో అతకడం నేర్చుకుంటానని వారం కూర్చుంది. పోగు మెలి పడదు, పడినా ఊడిపోతుంది. ఎనిమిదో రోజు పోగులన్నీ ఒళ్ళోంచి నెట్టేసి గోడ వైపు తిరిగి పడుకుంది. భీమన్న దగ్గుతో గుంతలోకి దిగుతున్నాడు. జోకులు మానేశాడు. రామమ్మ పాత కుండ పగలగొట్టి కొత్తది తెచ్చింది. సంద్రం మందు వేళ్ళు తిన్నదని పేటలో మాట. మిగతా పది మంది చేతులూ మళ్ళీ చీము కారుతున్నాయి. గంజి మళ్ళీ రెండో రోజుకే పులుస్తోంది. మొన్న ఆదోని పోతే లెక్చరరు గది ఖాళీ. పళ్ళాలు కడిగి బోర్లించి ఉన్నాయి. "ఇంక వద్దులేప్పా. నావల్ల ఒక చెయ్యి పోయింది, చాలు" అన్నాడు.

చాలదు. మీరు ఏడ్చి మానుకుంటే ఆ చెయ్యి ఊరికే పోయినట్టు. ఆ పళ్ళెంలో తేటగా ఉన్నది నేను చూశాను. తొమ్మిది మంది చేతులు మానడం చూశాను. ఆ నాచు దేవుడని నేననడం లేదు. అది గోళ్ళ పుండ్లకు మందో, ఉత్త గంజి పులవకుండా ఆపేదో, వానాకాలం అంతా ఆగుతుందో లేదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలి. కాచి చంపినదాన్ని చూసి పనికిరాదని రాసిన కాగితం అబద్ధం, ఆ అబద్ధం ఇప్పుడు పై ఆఫీసులో కూర్చుని ఉంది.

దేవేంద్రప్పా, ఆ ఫైలు తీయి. 'నిరుపయోగం' కొట్టేసి, వేడి చేసినందువల్ల ప్రయోగం చెడింది, వేడి చేయవద్దని రాసిన కాగితం నేనే ఎవరికీ చెప్పలేదు అని తెలుగులో రాసి సంతకం పెట్టు, పైకి పంపు. తిమ్మక్క చేయి నీ సంఘం పేరు మీద నడిచిన ప్రయోగంలో పోయింది. ఆమెను సంఘంలో జీతం మీద పెట్టుకో. గంజి పనివాళ్ళ చేతులు రోజూ చూసే పని ఆమెకివ్వు. ఆమె కంటే ఎవరికి తెలుసు? ఎవరి వేలు వాచినా నాచు ఉన్నా లేకున్నా ఆ పూటే ఆసుపత్రికి పంపే అధికారం ఆమెకుండాలి, బస్సు చార్జీ సంఘం పెట్టుకోవాలి. సేతుమాధవరావు గారూ, ఆ సంచులు మళ్ళీ విప్పండి. కాగితం పంపొద్దు, మీరు రండి. రామమ్మ రెండు కుండలు పెడుతుంది, ఒకటి ఆమె పద్ధతిలో కాచింది, ఒకటి చల్లారినాక కలిపింది. పులిసేదాకా రెండింటినీ పేటంతా చూస్తుంది. మీరు పక్కన పీట వేసుకుని ప్రతి మాటా తెలుగులో చెప్పాలి, రామమ్మ దాన్ని తిరిగి మీకు ఒప్పజెప్పేదాకా లేవకూడదు. డబ్బా నేనే మోస్తాను, ఈసారి అడిగి మోస్తాను.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి ఇద్దరూ రామమ్మ ఇంటి ముందర ఉండండి.